రాసేవాళ్లు కలిసి కూర్చోవాలంటే

మీకు తెలిసినవాళ్లలో రాసేవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు, నెలకోసారి అందరినీ ఒకచోట కూర్చోబెట్టాలని ఉంది అనుకోండి. మొదట ఒక కాగితం తీసుకుని, వాళ్లలో ఎవరికి రావడం అందరికన్నా కష్టమో ఆ పేరు రాయండి. మిగతా ఏర్పాట్లన్నీ ఆ మనిషిని బట్టి చేయండి. నేను చెప్పబోయేది చాలావరకు ఇదే. ఎలా చేయాలన్నదే కాస్త వివరంగా చెప్పాలి.

నేను విశాఖలో, అల్లిపురంలో డీటీపీ పని చేస్తాను, అంటే రాతప్రతులని కంప్యూటర్లో టైపు చేసి పుస్తకం పేజీలుగా కూర్చే పని. ఈ వైపు కవుల, కథకుల రాతప్రతులు చాలా నా చేతుల మీదుగా పుస్తకాలయ్యాయి. నేనూ కథలు రాస్తాను. ఇన్నాళ్లూ కంచరపాలెంలో మా ఇంట్లో, ఇప్పుడు మాలో పెద్దవారైన మాస్టారి ఇంట్లో, నెలకో ఆదివారం కొందరం కలిసి ఒకరి రచన ఒకరు వింటాం. చాలా ఏళ్లుగా ఇది ఆగకుండా ఎలా నడుస్తోందని ఈమధ్య అనకాపల్లి నుంచి ఒక చెల్లాయి ఫోన్ చేసి అడిగింది. వాళ్ల ఊళ్లోనూ మొదలుపెట్టాలని ఉందట. ఆమెకి చెప్పినవే ఇక్కడ విడమరిచి రాస్తున్నాను.

రోజు, వేళ, చోటు

మాలో ఒక టీచరమ్మ ఉంది. భీమిలి దగ్గర పల్లెలో ఉంటుంది. అత్తగారికి రాత్రి భోజనం, మందులు తనే చూడాలి. ఒక తమ్ముడు స్టీలు ప్లాంటులో పని చేస్తాడు. బి షిఫ్టు పడిందంటే మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా దొరకడు. మా పెద్ద మాస్టారికి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు. ఈ ముగ్గురికీ కుదిరితే మిగిలినవాళ్లకి ఎలాగూ కుదురుతుంది.

అందుకని మాకు రెండో ఆదివారం, మూడో ఆదివారం అని నియమం లేదు. తమ్ముడి షిఫ్టులు కనుక్కుని తేదీ పెడతాం. పొద్దున పూట పెడితే అందరికీ వీలు కదా అంటారు మగవాళ్లు. ఆదివారం పొద్దున ఆడవాళ్లు వంటింట్లోంచి బయటపడేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. ఇంటిల్లిపాదీ ఇంట్లో ఉండేది ఆ రోజే, మాంసమో చేపలో తెచ్చేదీ ఆ రోజే. కాబట్టి మూడున్నరకి మొదలుపెడతాం, ఆరింటికి ఆపేస్తాం. ఎంత మంచి చర్చ నడుస్తున్నా సరే, ఆరింటికి ఆపేయాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి. "ఇంకో పది నిమిషాలు" అని ఒకసారి సాగదీస్తే పైనెల ఆ టీచరమ్మ రాదు. రాలేనని కూడా చెప్పదు, ఏదో పని పడిందంటుంది.

ఆమెని బండి మీద మద్దిలపాలెం దాకా తీసుకెళ్లి భీమిలి బస్సు ఎక్కించే పని ఎవరిదో ముందే అనుకుంటాం. ఇది చాలా చిన్న పని. కానీ సభలకి ఆడవాళ్లు ఎందుకు తక్కువగా వస్తారని పెద్ద పెద్ద చర్చలు చేసేవాళ్లని నేను చూశాను. ఆ చర్చ అయ్యాక వేదిక దిగి, హాల్లో ఉన్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లని "మీరు ఇంటికెలా వెళ్తారమ్మా?" అని అడిగినవాళ్లని చూడలేదు.

మా మేడ మీద గాలి బాగా వస్తుంది. అయినా మాస్టారు వచ్చినన్నాళ్లూ ఆయన కోసం కింద గదిలోనే కూర్చునేవాళ్లం. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఉక్కపోత తెలిసిందే కదా, ఒక టేబుల్ ఫ్యాన్ అదనంగా పెట్టి దాన్ని చదివే మనిషి వైపు కాకుండా వినేవాళ్ల వైపు తిప్పేవాళ్లం. ఫ్యాను గాలికి కాగితాలు లేచిపోతుంటే చదివేవాళ్ల ధ్యాసంతా వాటి మీదే ఉంటుంది.

బీచ్‌లో పెట్టుకుందామని కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అంటారు. సముద్రం పక్కన పెట్టుకుని నాలుగ్గోడల మధ్య కూర్చోవడమేమిటని వాళ్ల బాధ. చదవడానికి బీచ్ పనికిరాదండీ. కాగితం నిలవదు. అలల హోరు మీద వినిపించాలంటే గొంతు పెంచాలి. గొంతు పెంచితే మెల్లగా చెప్పాల్సిన వాక్యం కూడా ఉపన్యాసంలా వినిపిస్తుంది. చదవడం అయ్యాక, తొందర లేనివాళ్లు ఆర్కే బీచ్‌కి వెళ్లి మూరీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని కాళీమాత గుడి దాకా నడవండి. సభలో నోరు విప్పనివాళ్లు అక్కడ మాట్లాడతారు. కథ గురించి అసలైన మాటలు నేను అలా నడుస్తూ విన్నవే ఎక్కువ.

విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువుంటే ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం నయం. ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి నడిచి రావచ్చు, ఆటో ఖర్చుండదు. రాసేవాళ్లలో ఆ ఆటో డబ్బులు కూడా లెక్క చూసుకోవాల్సినవాళ్లు ఉన్నారని గుర్తుపెట్టుకోండి.

పిలవడం

వాట్సాప్ గ్రూపులో ఒక ఆహ్వానం పడేసి అందరూ చూశారులే అనుకోకండి. గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్యలో అదెక్కడో పైకి వెళ్లిపోతుంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. మనిషికి రెండు నిమిషాలు చాలు. "ఈసారి మీ కథ విందామనుకుంటున్నాం" అని ఒక మాట అంటే ఏడాదిగా కలం పట్టనివాళ్లు కూడా ఆ వారంలో ఏదో ఒకటి రాసుకొస్తారు. పిలుపుకి అంత బలం ఉంది.

పెద్దవాళ్లకి ఫోన్ చేస్తే ముందు ఆరోగ్యం అడగండి, ఆ తర్వాతే విషయం చెప్పండి. కొత్త కుర్రాళ్లకి చేస్తే వాళ్లు ఈమధ్య రాసినదాంట్లో ఏదో ఒక వాక్యం గుర్తు చేయండి. ఎవరో చదివారన్న సంగతి వాళ్లకి తెలియాలి.

పదిమందికి మించనివ్వకండి. పదిమంది దాటితే ఎవరో ఒకరు లేచి నిలబడి మాట్లాడడం మొదలుపెడతారు. అక్కడితో అది సభ అయిపోతుంది.

టీ, ఫలహారం

వండే మనిషి కథ వినలేదు. కాబట్టి ఎవరి ఇంట్లో కూర్చున్నా ఆ రోజు పొయ్యి వెలిగించకూడదని మా ఒప్పందం. టీ వీధి చివర బండి దగ్గర నుంచి ఫ్లాస్కులో తెస్తాం. రెండు ఫ్లాస్కులుంటాయి, ఒకటి చక్కెర లేనిది. దాని మూతకి ఎర్ర రబ్బరు బ్యాండు వేస్తాం. షుగర్ ఉన్నవాళ్లు అందరిలో "నాకు చక్కెర లేకుండా" అని చెప్పుకోవాల్సిన పని లేకుండా ఆ ఫ్లాస్కు వాళ్ల పక్కనే పెడతాం. ఉడకబెట్టిన వేరుశనగకాయలు, మరమరాలు, చలికాలంలో తేగలు. అంతే. కరకరలాడే చెకోడీలు, జంతికలు చదివేటప్పుడు వద్దు, ఆ శబ్దానికి చదివేవాళ్లు తడబడతారు. అవి చివర్లో పంచండి.

ఆ ఇంటావిడని కూడా కూర్చోమనండి. రచయిత ఇంట్లో కలిస్తే ఆయన భార్య గుమ్మం దగ్గర నిలబడి వింటూ ఉంటుంది. ఆమెకి కుర్చీ వేయండి. అభిప్రాయం అడగండి. మా పెద్ద మాస్టారి కథల్లో ఎక్కడ అబద్ధం ఉందో అందరికన్నా ముందు ఆవిడే పట్టుకుంటుంది.

చదవడం, వినడం

ఇక్కడ మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

ఒక్కరోజు రెండు రచనలకి మించి పెట్టుకోవద్దు. కథ అయితే ఒకటి, కవిత్వం అయితే ఇద్దరివి. చదవడానికి ఇరవై నిమిషాలు పట్టే కథ దాకా చెవి నిలుస్తుంది. అంతకు మించితే ముందుగానే కాపీలు పంచి, చదువుకుని రమ్మనడం మంచిది. పెద్ద అక్షరాల్లో ఒక కాపీ తప్పకుండా తీయండి. మాస్టారి కోసం నేను 18 పాయింట్లలో తీస్తాను. కళ్లద్దాలు సర్దుకుంటూ ఆయన ఇబ్బంది పడటం చూస్తూ ఊరుకునే కన్నా రెండు కాగితాలు ఎక్కువ ఖర్చైతే ఏమైంది?

రాసిన మనిషి కాకుండా ఇంకొకరు చదివితే బాగుంటుంది. రాసినవాళ్లు తమ వాక్యంలో లేని భావాన్ని గొంతుతో నింపేస్తారు. వేరేవాళ్లు చదివితే వాక్యం ఎక్కడ కుంటుతోందో, ఎవరి సంభాషణ ఎవరిదో ఎక్కడ తెలియట్లేదో రాసినవాళ్లకే వినిపిస్తుంది. చదివేవాళ్లకి ఒకరోజు ముందు కాగితాలు ఇవ్వండి.

చదవడం అయిన వెంటనే ఎవరూ మాట్లాడకూడదు. టీ పోసుకోండి. ఆ కాసేపట్లో కథ లోపలికి దిగుతుంది. ఆ తర్వాత ఒక్కొక్కరూ తమకి గుర్తుండిపోయినదేమిటో చెప్పాలి, అదొక్కటే. రెండో చుట్టులో ఎక్కడ దారి తప్పారో చెప్పాలి. "నేనైతే ఇలా రాసేవాణ్ణి" అన్న మాట మా గదిలో నిషిద్ధం. ముగింపు మార్చమని సలహా ఇవ్వడం కూడా. రాసినవాళ్లు ఈ రెండు చుట్లూ అయ్యేదాకా జవాబు చెప్పకుండా వినాలి. మొదట్లో ఇది కష్టంగా ఉంటుంది, రెండు మూడు నెలల్లో అలవాటవుతుంది.

అక్షరదోషాలు పైకి చదవకండి. మీ కాపీ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి, వెళ్లేటప్పుడు రాసినవాళ్ల చేతికి ఇవ్వండి. ఒత్తులు తప్పు రాశారని పదిమందిలో అంటే ఆ మనిషికి ఇక ఏదీ చెవికెక్కదు. ముఖ్యంగా చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు, పనుల్లో ఉండి రాసేవాళ్లు. వాళ్లకి ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. నా కీబోర్డు ముందు కూర్చుని "తప్పులుంటే మీరే దిద్దేయండమ్మా, ఎవరికీ చెప్పకండి" అని గొంతు తగ్గించి అడిగినవాళ్లు ఎంతమందో.

మన ఉత్తరాంధ్రలో ఇంకో విషయం ఉంది. యాసని దిద్దకండి. నేను పని చేసిన ఒక పుస్తకంలో గంగవరం వైపు కుర్రాడొకడు తన నాయనమ్మ మాట్లాడినట్టే సంభాషణలు రాశాడు. ప్రూఫులు చూసినాయన వాటన్నిటినీ పత్రికల భాషలోకి మార్చి పంపారు. కుర్రాడు ఆ కాగితాలు చూసి ఏమీ అనలేదు, తలొంచుకుని కూర్చున్నాడు. నేను అతని రాతప్రతి తెరిచి ఒక్కొక్క మాటా వెనక్కి మార్చాను. గురజాడ, గిడుగు విజయనగరంలో ఒక్క తరగతిలో చదువుకున్న స్నేహితులు. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావడానికి ఆ ఇద్దరూ జీవితమంతా పాటుపడ్డారు. గిడుగు పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవమని సభలు చేసుకుంటున్నాం. అదే నేల మీద కూర్చుని ఒక కుర్రాడి చేత వాళ్ల నాయనమ్మ మాట కొట్టేయిస్తే ఎలా? అర్థం కాని మాట ఉంటే అడగండి, చెబుతాడు. చెప్పేటప్పుడు అతని మొహం చూడండి, ఎంత వెలిగిపోతుందో.

కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు, అందరూ కారా మాస్టారు అనే ఆయన, విశాఖలోనే సెంట్ ఆంథోనీస్ హైస్కూల్లో ఉపాధ్యాయులుగా పనిచేసి 1979లో రిటైరయ్యారు. కొత్తవాళ్ల కథలు ఓపిగ్గా చదివి చెప్పేవారని మా ముందుతరం వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆయన రాసిన కథల సంఖ్య పెద్దదేమీ కాదు. ఇతరుల కథల మీద ఆయన పెట్టిన సమయం మాత్రం చాలా ఎక్కువ. మీలో ఒక్కరైనా అలా తమ రాత పక్కన పెట్టి ఇంకొకరిది చదివేవాళ్లు ఉండాలి. ప్రతినెలా ఆ పని ఒకే మనిషి మీద పడకుండా చూడండి.

పుస్తకం వేస్తున్నప్పుడు

కథల పుస్తకమో కవిత్వమో వేసుకునేవాళ్లు చాలామంది సొంత డబ్బుతోనే వేసుకుంటున్నారు. 500 కాపీలు వేస్తే అందులో సగం పంచడానికే పోతాయి. స్నేహితులుగా మీరు చేయగలిగినవి ఇక్కడ చాలా ఉన్నాయి.

ప్రూఫులు ఇద్దరు కూర్చుని చూడండి. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, కామాలు ఫుల్‌స్టాపులతో సహా. రెండోవాళ్లు ప్రూఫు మీద వేలు పెట్టి వెంట నడవాలి. ఒంటరిగా చూసేటప్పుడు కన్ను తప్పుని దాటేస్తుంది, రాసిన మనిషికైతే మరీను. అచ్చులో ఒక ఫారం అంటే 16 పేజీలు. ఒక సాయంత్రానికి రెండు ఫారాలకన్నా ఎక్కువ చూడకండి, తర్వాత చూసేది చూసినట్టు కాదు.

పెద్దవాళ్ల రాతప్రతి టైపు చేసివ్వడం గొప్ప సాయం. ఇంకోటి ఉంది, కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లు చేయగలిగింది. డీటీపీకి వాడే అను ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్లని, ఏ ఫోన్లోనైనా కనిపించే యూనికోడ్‌లోకి మార్చి, మారేటప్పుడు చెదిరిన ఒత్తులు సరిచేసి ఇవ్వడం. పదిహేనేళ్ల కిందటి పుస్తకాల ఫైళ్లు అలా ఎక్కడెక్కడో సీడీల్లో మూలుగుతున్నాయి. ఒక శనివారం కూర్చుంటే ఒక మనిషి కథలన్నీ ఫోన్లో చదువుకోవడానికి వీలవుతుంది.

ఆవిష్కరణ సభకి వెళ్తే పది నిమిషాలు ముందు వెళ్లి మొదటి వరుసల్లో కూర్చోండి. ఖాళీ కుర్చీల వైపు చూసి మాట్లాడటం రాసిన మనిషికి ఎంత కష్టమో ఆలోచించండి. మాట్లాడమని పిలిచినవాళ్లకి పుస్తకం రెండు వారాల ముందు అందేలా చూడండి. ముగ్గురు వక్తలు చాలు. రచయిత తల్లో, భార్యో, భర్తో వచ్చి ఉంటే వాళ్లని ముందు కూర్చోబెట్టి, అందరికీ పరిచయం చేయండి. శాలువా, పూలగుత్తి తీసుకెళ్లకండి. ఆ డబ్బుతో రెండు కాపీలు కొని ఒకటి మీరు ఉంచుకోండి, రెండోది మీ వీధి గ్రంథాలయానికో స్కూలుకో ఇవ్వండి. సంతకం చేసి ఉచితంగా ఇవ్వబోతే, ముందు డబ్బు చేతిలో పెట్టి తర్వాత సంతకం అడగండి.

తర్వాత చదవండి. నెల తిరిగేలోగా చదివి ఏదో ఒకటి రాయండి. పోస్టుకార్డు ఇప్పటికీ 50 పైసలే. "మీ పుస్తకం బాగుంది" అని రాస్తే చదవలేదని తెలిసిపోతుంది. ఏ పేజీలో ఏ మనిషి మీ మనసులో ఉండిపోయిందో, అక్కడ మీకు ఎవరు గుర్తొచ్చారో నాలుగు వాక్యాలు రాయండి. అలాంటి కార్డుల్ని బీరువాలో బట్టల కింద దాచుకున్నవాళ్లని నేనెరుగుదును.

పుస్తకాలు పైఊళ్లకి పంపడం ఈమధ్య భారమైంది. తక్కువ ఖర్చుతో వెళ్లే రిజిస్టర్డ్ బుక్ పోస్టుని తపాలా శాఖ 2024 డిసెంబరులో తీసేసింది. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది తెచ్చారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పైన పన్ను. చదువుకి, సంస్కృతికి, మతానికి సంబంధించిన పుస్తకాలు అందులో వెళ్తాయి. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ప్రింటరు పేరో ఉండాలి. కౌంటర్లో పేరు చెప్పి అడగండి. ఇక మీరు హైదరాబాదుకో విజయవాడకో వెళ్తున్నప్పుడు సంచిలో మిత్రుడి పుస్తకాలు నాలుగు వేసుకుని వెళ్లి ఇవ్వాల్సినవాళ్లకి ఇచ్చి రావడం అన్నింటికన్నా మంచిది. పుస్తకంతో పాటు ఊరి కబురు కూడా వెళ్తుంది.

మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ సంగతే చూడండి. మహాప్రస్థానానికి చలం 1940లోనే యోగ్యతాపత్రం అనే ముందుమాట రాశారు. పుస్తకం బయటికి రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1950లో నళినీకుమార్ అనే మిత్రుడు పూనుకుంటేనే అచ్చయింది. దాన్ని శ్రీశ్రీ అంకితమిచ్చింది కొంపెల్ల జనార్దనరావుకి, 1937లోనే చిన్నవయసులో పోయిన స్నేహితుడికి. తెలుగు కవిత్వం దారి మళ్లించిన పుస్తకం అంటాం. దాని మొదటి పేజీల నిండా స్నేహితులే ఉన్నారు.

కష్టం వచ్చినప్పుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పెద్ద మాస్టారింట్లో కిటికీ రెక్కలు ఊడి, రాతప్రతులున్న పెట్టె తడిసిపోయింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా చెట్లు. రెండోరోజు మాలో నడవగలిగినవాళ్లం ఆయన ఇంటికి చేరుకున్నాం. ఆయన ఆ పెట్టె ముందు కూర్చుని ఉన్నారు.

తడిసిన కాగితాల విషయంలో అప్పుడు నేర్చుకున్నది చెబుతాను, మన తీరంలో మళ్లీ అవసరం పడుతుంది. ఎండలో పెట్టకండి, కాగితం ముడుచుకుని పెళుసవుతుంది. నీడలో గాలి ఆడేచోట పరవండి. అంటుకున్న పేజీలని లాగకండి. నోటుబుక్కు అయితే నాలుగైదు పేజీలకొకటి చొప్పున పొడి తెల్లకాగితం మధ్యలో పెట్టి, అది తడి పీల్చుకోగానే మార్చండి. సిరాపెన్నుతో రాసినవి ముందు చూడండి, అవి కరిగిపోతాయి. బాల్‌పెన్ను కాస్త నిలుస్తుంది. ఏ పేజీ తర్వాత ఏ పేజీయో చెదిరిపోకుండా మూల మీద అంకెలు వేయండి. ఆరాక వెంటనే ఫొటోలు తీయండి. ఆరోజు హాలంతా, వరండా అంతా ఆయన అక్షరాలే. పక్కింటి పిల్లలు కాగితాలు మార్చడంలో సాయపడ్డారు. అప్పటినుంచి మాలో ప్రతి ఒక్కరి రాతప్రతులకీ ఇంకొకరి ఇంట్లో ఒక నకలు ఉంటుంది. మీరూ అలా పెట్టుకోండి.

ఆస్పత్రిలో ఉన్నవాళ్ల దగ్గరికి ఒకేసారి అందరూ వెళ్లకండి. వంతులు వేసుకోండి. కేజీహెచ్‌లో మిత్రుణ్ణి చేరిస్తే రోగికన్నా ముందు, తోడుగా ఉన్న మనిషి తిన్నదో లేదో అడగండి. క్యారియర్ ఆమె కోసం తీసుకెళ్లండి, ఒక గంట మీరు కూర్చుని ఆమెని ఇంటికి పంపి స్నానం చేసి రమ్మనండి. రోగికి పేపరు చదివి వినిపించండి. "మళ్లీ ఎప్పుడు రాస్తారు?" అని అడగకండి.

డబ్బు సాయం చేయాల్సి వస్తే ఒకరే పోగుచేయాలి, ఒకరే ఇవ్వాలి, ఎవరెంత ఇచ్చారో ఆ ఒక్కరికే తెలియాలి. కవరు ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. వేదిక మీద పిలిచి ఇవ్వడం, ఫొటో తీయడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు. ఇన్నాళ్లు తలెత్తుకుని రాసిన మనిషిని చప్పట్ల మధ్య తల దించుకునేలా చేయడమది.

మిత్రుడికి అవార్డు వస్తే ఆ రోజే ఫోన్ చేయండి. మర్నాడు చేస్తే మనసులో ఏదో సర్దుకుని చేసినట్టుంటుంది. రచయితల సంఘాల్లో ఒకరు విరసం, ఒకరు అరసం, ఇంకొకరు ఏ సంఘంలోనూ లేరు, మా గదిలో అందరూ ఉన్నారు. గట్టిగా వాదించుకుంటారు కూడా. రానివాళ్ల గురించి మాట్లాడకూడదన్న ఒక్క నియమం వల్ల గొడవలు గది దాటి వెళ్లవు.

ఉన్నప్పుడే అడగాల్సినవి

రచయిత పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ పత్రికల కట్టలు పాత పేపర్లవాడికి తూకానికి వేసేస్తారు. వాళ్ల తప్పు కాదు, అందులో ఏముందో వాళ్లకెవరూ చెప్పలేదు. ఆ పని స్నేహితులది. పెద్దవాళ్లు బాగున్నప్పుడే ఒక మధ్యాహ్నం వెళ్లి, ఏ పత్రికలో ఏ కథ వచ్చిందో వాళ్ల చేతే చెప్పించుకుని ఒక పుస్తకంలో రాసుకోండి. వాళ్ల పిల్లల్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో స్థాపించిన కథానిలయం ఉంది. తెలుగు కథలని పత్రికలతో సహా సేకరించి దాచే చోటు అది. మీ పెద్దవాళ్ల దగ్గరున్న పాత సంచికలు వాళ్ల అనుమతితో అక్కడికి చేర్చండి. ఆ ప్రయాణమే ఒక నెల మీ సమావేశం అనుకోండి. పొద్దున రైలెక్కి ఆమదాలవలసలో దిగితే అక్కడి నుంచి ఊళ్లోకి బస్సులూ ఆటోలూ ఉంటాయి.

మా పెద్ద మాస్టారు ఇప్పుడు గడప దాటి రాలేకపోతున్నారు. మొదట కొన్నాళ్లు ఫోను స్పీకరులో పెట్టి వినిపించాం. కథ వినపడేది గానీ, నవ్వులు ఎందుకో ఆయనకి తెలిసేది కాదు. అందుకని సమావేశాన్నే ఆయన ఇంటికి మార్చాం. మీకూ ఇలాంటి అవసరం పడితే ముందు కోడలినో కూతురినో అడిగి, వాళ్లకి వీలైన రోజు పెట్టండి. టీ ఫ్లాస్కులు, గ్లాసులు, చాపలు మీరే తీసుకెళ్లండి. గంటన్నరలో ముగించండి. ఆయన మంచం ఏ గదిలో ఉంటే ఆ గదిలోనే కూర్చోండి, చెవి బాగా వినిపించే వైపు చదివే మనిషిని కూర్చోబెట్టండి. వెళ్లేముందు చాపలు చుట్టి, గ్లాసులు కడిగి, పైనెల ఎవరి కథో ఆయన చేతే చెప్పించుకుని రండి.